వీధి గోడ మీద బొమ్మను ఎవరు ఎంచాలి?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే రోజున, 2016 అక్టోబరు 11న, జిల్లా కేంద్రాలయ్యాయి. ఒక ఊరు జిల్లా కేంద్రం అయిందంటే కొన్ని వాటంతట అవే వస్తాయి. కలెక్టరేటు వస్తుంది, రోడ్డు మధ్యకు డివైడరు వస్తుంది, కూడళ్లలో విగ్రహాలు పెరుగుతాయి, ప్రభుత్వ కార్యాలయాల ప్రహరీలకు రంగుల బొమ్మలు వస్తాయి. ఈ చివరిదాని గురించే ఇవాళ నా మాట. తెలుగు నేల మీద ఏ పట్టణంలో చూసినా ఆ ప్రహరీల మీద దాదాపు అవే బొమ్మలు. రెండు అరచేతుల మధ్య భూగోళం, దాని మీద మొలిచిన చెట్టు, పురి విప్పిన నెమలి, చెత్తబుట్ట పక్కన నవ్వుతున్న పిల్లవాడు, గాంధీగారి కళ్లద్దాలు. కింద రాసిన పురపాలక సంఘం పేరు తుడిచేస్తే అది నాగర్‌కర్నూలో నెల్లూరో పోల్చుకోలేం. వేసినవాళ్ల చెయ్యి తక్కువదని నేననను. చాలా నెమళ్లు చక్కగానే ఉంటాయి. చిక్కు వేరే చోట ఉంది. ఏ బొమ్మ వేయాలన్నది ఆ గోడకు ఎదురుగా బతికేవాళ్లను ఎవరూ అడగలేదు. వీధి గోడ మీది బొమ్మ బాగుందా లేదా అని చూసేముందు దాన్ని ఎవరు ఎంచారో చూడాలని నా వాదన. ఆ ఎంపిక వీధివాళ్ల చేతికి వస్తే తక్కిన చిక్కుల్లో చాలావరకు దారిలో పడతాయి.

గోడ మీది బొమ్మకు ఇంత చర్చ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పుస్తకం నచ్చకపోతే మూసేస్తాం. సినిమా నచ్చకపోతే మధ్యలో లేచి వస్తాం. ఈ ప్రసంగం నచ్చకపోతే మీరు రేడియో కట్టేయవచ్చు. వీధి గోడను కట్టేయడానికి మీట లేదు. బస్టాండు దారిలో ఉన్న గోడను అక్కడ బండి పెట్టుకున్న మిర్చి బజ్జీల మనిషి రోజంతా చూస్తాడు, అదే దారిన బడికి పోయే పిల్ల పదేళ్లు చూస్తుంది. చూడక తప్పనివాళ్లకు ఏం చూడాలో చెప్పే వీలు ఉండాలి కదా. పాత రోజుల్లో ఈ ప్రశ్నే పుట్టలేదు, ఎందుకంటే గోడకూ మనిషికీ మధ్య దూరం లేదు. మట్టి గోడ అలికి, కింది భాగానికి జాజు పూసి, దాని మీద సున్నంతో చుక్కలూ తీగలూ పెట్టే ఇల్లాలు తన గోడకు ఏం కావాలో తానే ఎంచుకునేది. ఊరి దేవత గుడికి ఎర్ర తెల్ల పట్టెలు వేయించేది ఊరే. పెద్ద గుళ్లలో ఎంపిక డబ్బు పెట్టినవాడిది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల నాటి క్షీరసాగర మథనం బొమ్మ ఆనవాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద విజయనగర కాలపు చిత్రాలు ఇవాళ్టికీ మెడ నొప్పి పుట్టేదాకా చూడబుద్ధేసేలా ఉన్నాయి. ఆ కప్పు మీదే గుడి కట్టించిన విరూపణ్ణ, అతని తమ్ముడు కూడా బొమ్మలై కనిపిస్తారు. డబ్బు పెట్టినవాడు తన ముఖం వేయించుకోవడం ఇప్పటి ఫ్లెక్సీలతో మొదలైన జబ్బేమీ కాదన్నమాట. అయితే అక్కడ ఎంచింది ఎవరో తెలుసు, ఎందుకు ఎంచారో తెలుసు. మన పట్టణాల గోడల విషయంలో అదే తెలియడం లేదు.

ఈ తెలియకపోవడం ఎలా వచ్చిందో చూడాలి. ఇరవయ్యో శతాబ్దంలో గోడ రాతకు కొత్త గిరాకీ వచ్చింది. పార్టీల నినాదాలు, ఎన్నికల గుర్తులు, సినిమా ప్రకటనలు, సిమెంటు, ఎరువులు, బీడీల పేర్లు. వీటిని రాసేవాడిని బజారంతా ఆర్టిస్టు అనే పిలిచేది. గోడకు సున్నం కొట్టి, రంగుపొడి పట్టించిన దారాన్ని చరిచి గీతలు వేసి, చేతిలోని చిన్న కాగితం మీది బొమ్మను గళ్లు కట్టి గోడంత చేసేవాడు. అక్షరం లావూ సన్నం కొలిచి చూడకుండానే కుదిరేది. ఓట్ల కాలమే వాళ్లకు పంట కాలం. ఆ బతుకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. మొదటిది చట్టం. బహిరంగ స్థలాలను వికారం చేయడాన్ని నిషేధిస్తూ 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టంతో అనుమతి లేకుండా గోడ మీద రాయడం నేరమైంది. రెండోది ఫ్లెక్సీ. కంప్యూటరు ముందు కూర్చుంటే గంటలో తయారయ్యే బ్యానరు ముందు రెండు రోజులు నిచ్చెన మీద నిలబడి చేసే పని నిలవలేకపోయింది. చేయి తిరిగిన మనిషికి పని లేకుండా పోయింది, గోడ ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి ప్రభుత్వ పథకాల బొమ్మలు వచ్చాయి. నగరాల పరిశుభ్రతకు మార్కులు వేసే స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీ వచ్చింది. 2020 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం పట్టణ ప్రగతి మొదలైంది. 2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి ‘మన ఊరు - మన బడి’ని ప్రారంభించింది మన వనపర్తి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే. ఆ పథకం చేపట్టిన పన్నెండు రకాల పనుల్లో బడికంతటికీ రంగులు వేయడం ఒకటి. తొలి విడతకు ఎంచుకున్న బడులు 9,123. అంత పెద్ద పనికి టెండరు ఒకటే అయితే బొమ్మ కూడా ఒకటే అవుతుంది. అధికారులకు ఇందులో దురుద్దేశం ఉండనక్కరలేదు. లెక్క తేలాలి, గడువులోపల ఫొటో పైకి పోవాలి. చెట్టు బొమ్మ మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. అందుకే చెట్టు.

మహానగరాల్లో ఇంకో దారి నడిచింది. ఢిల్లీలో లోధీ కాలనీ ప్రభుత్వ క్వార్టర్ల గోడలను 2015, 16 నుంచి దేశ విదేశాల చిత్రకారులతో వేయిస్తూ స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ ఒక బహిరంగ చిత్రశాలనే తయారు చేసింది. అదే సంస్థ 2016 నవంబరులో హైదరాబాదుకు వచ్చి, రాజ్‌భవన్‌కు దగ్గరున్న ఎం.ఎస్. మక్తా బస్తీ సందుల్లో బొమ్మలు వేయించింది. తర్వాత చెన్నైలో కణ్ణగి నగర్‌కు వెళ్లింది. ఊరి మధ్య నుంచి ఖాళీ చేయించిన పేదలనూ, సునామీ బాధితులనూ తీసుకెళ్లి పెట్టిన కాలనీ అది. ఈ పనిలో మెచ్చుకోవలసింది ఉంది. మంచి చిత్రకారుడి పనిని టిక్కెట్టు లేకుండా, ఇంగ్లీషు రాకపోయినా, చెప్పులు విప్పకుండా చూసే అవకాశం మక్తా పిల్లలకు దొరికింది. కానీ దీని మీద వచ్చే ఆక్షేపణ కూడా తోసెయ్యదగింది కాదు. నల్లా నీళ్లు సరిగా రాని కాలనీకి ముందు రంగులు రావడం ఏమిటి? ఆ రంగుల కోసం కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్లకు అక్కడి మనుషులు బొమ్మలో భాగమైపోరా? ఈ ఆక్షేపణకు జవాబు బొమ్మ నాణ్యతలో దొరకదు. మా గోడకు ఏం కావాలో మమ్మల్ని అడిగారా అని బస్తీ మనిషి అనగలిగితే, ముందు నల్లా సంగతి చూడండి, తర్వాత నెమలి సంగతి చూద్దాం అని కూడా అనగలుగుతాడు. అడగడం మొదలైతే సంభాషణ గోడ దగ్గర ఆగదు. బహుశా అడగకపోవడానికి అదీ ఒక కారణమేమో.

అడిగి చేసినచోట ఏం జరిగిందో చెప్పడానికి కొంచెం దూరం పోవాలి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1984లో గోడల మీద పిచ్చిరాతలను మాన్పించడానికి ఒక కార్యక్రమం పెట్టింది. రాతలు రాసే కుర్రాళ్లను పట్టుకుని శిక్షించే బదులు వాళ్ల చేతికే కుంచె ఇచ్చి బొమ్మలు వేయించే పనిని జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణికి అప్పగించారు. అది పెరిగి పెరిగి నగరమంతటా వేలకొద్దీ బొమ్మలయింది. ఆ పద్ధతిలో గమనించవలసింది ఒకటుంది. రంగుడబ్బా తెరిచేముందు ఆ వీధివాళ్లతో సమావేశాలు పెడతారు. ఏ గోడ, ఏ విషయం, ఎవరి ముఖం అన్నది అక్కడ మాట్లాడుకుంటారు. చిత్రకారుడు నమూనా గీసి తెచ్చి చూపిస్తాడు, అభ్యంతరాలు వింటాడు, మార్చుకొస్తాడు. ఒక్కోసారి బొమ్మ వేయడం కన్నా ఈ మాటలకే ఎక్కువ కాలం పడుతుంది. ఆ కాలం వృథా కాదు. తాను చెయ్యెత్తి ఒప్పుకున్న బొమ్మ మీద మనిషి ఉమ్మి వేయడు, పోస్టరు అంటించనివ్వడు. మన పట్టణాల్లో గోడ బొమ్మలకు ఎండ కన్నా పెద్ద శత్రువు ఎవరో చెప్పనక్కరలేదు. కింది మూడడుగులూ గుట్కా ఉమ్ములు, పై మూడడుగులూ ట్యూషన్ సెంటరు పోస్టర్లు.

ఇక్కడ ఒక బలమైన ఎదురు ప్రశ్న వస్తుంది. ప్రపంచంలో గొప్ప గోడ చిత్రాలేవీ జనం చేతులెత్తి ఎంచినవి కావు కదా? మెక్సికోలో విప్లవం తర్వాత విద్యామంత్రి హోసే వాస్కొన్సెలోస్ ప్రభుత్వ భవనాల గోడలను చిత్రకారులకు అప్పగించాడు. దియేగో రివేరా 1923 నుంచి 1928 దాకా విద్యాశాఖ భవనం నిండా సాలెవాళ్లను, రంగులద్దేవాళ్లను, గని కూలీలను, పల్లె బడిలో చెప్పే టీచరును వేశాడు. ఎవరినీ ఓటు అడగలేదు. శాంతినికేతన్ హిందీ భవనంలో వినోద్ బిహారీ ముఖర్జీ మధ్యయుగపు భక్తుల జీవితాలను గోడంతా పరిచాడు. అది ఆయన చూపు, ఆయన చెయ్యి. సమితులు కూర్చుని ఎంచితే ఇలాంటివి పుడతాయా, అందరికీ నచ్చే బొమ్మ ఎవరికీ పట్టని బొమ్మే అవుతుంది కదా అని అడుగుతారు. ప్రశ్నలో నిజం ఉంది. దానికి నా జవాబు, ఎంపికను రెండుగా విడదీయాలని. ఏ విషయం అన్నది వీధి చెప్పాలి. ఎలా వేయాలన్నది చిత్రకారుడికి వదలాలి. ముక్కు కొంచెం చిన్నది చెయ్యి, చీర ఎర్రగా ఉండాలి అని నిలబడి చెప్పే పెద్దమనుషులు పక్కకు జరగాలి. ఇంకో సంగతి కూడా రివేరా జీవితంలోనే ఉంది. 1933లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సెంటరులో ఆయన వేస్తున్న గోడ చిత్రంలో లెనిన్ ముఖం కనిపించింది. యజమానులు తీసెయ్యమన్నారు, ఆయన ఒప్పుకోలేదు, 1934 ఫిబ్రవరిలో ఆ గోడనే పగలగొట్టారు. తర్వాత మెక్సికో నగరంలో ఆ బొమ్మను మళ్లీ వేసుకున్నాడు. గోడ ఒక్కడిదైతే బొమ్మ ప్రాణం ఆ ఒక్కడి ఇష్టం మీద ఉంటుంది. మన దగ్గర ఆ ఒక్కడు సర్కారు కావచ్చు. ఎన్నిక మారితే గోడ రంగు మారడం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

మరో అభ్యంతరం మన నేలకు ఇంకా దగ్గరిది. వీధివాళ్లను అడిగితే దేవుళ్లను, కులపెద్దలను, సినిమా హీరోలను వేయమంటారు, గొడవలవుతాయి, నెమలే మేలు అంటారు. విగ్రహాల దగ్గర మనం చూస్తున్న తగాదాలు గుర్తు చేసుకుంటే ఈ భయం ఊరికే పుట్టింది కాదని ఒప్పుకోవాలి. అయితే ఎవరి ముఖం అని అడిగితే గొడవ వస్తుంది. ఏ పని, ఏ చెరువు, ఏ పాట అని అడిగి చూడండి. గద్వాలలో అడిగితే మగ్గం వస్తుంది. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు పెట్టి, రెండింటినీ నేతలోనే కలిపే ఆ పని దేశమంతా ఎరిగింది. ఒంటి నూలుకో నాడె, రెండు అంచులకూ చెరొక నాడె నడిచే ఆ తీరును పదిహేను అడుగుల గోడ మీద విప్పి చూపిస్తే, ఆ చీర కట్టుకునేవాళ్లలోనే చాలామందికి మొదటిసారి అర్థమవుతుంది. వనపర్తిలో సంస్థానం కాలపు సప్త సముద్రాలనే చెరువుల వరస ఉంది. శ్రీరంగాపురం గుడి చుట్టూ పరుచుకున్న రంగసముద్రం వాటిలో ఒకటి. ఏ వాన ఎటు పారి ఏ చెరువు నింపేదో గోడ మీద గీస్తే అది అలంకారమూ అవుతుంది, కబ్జాదారుకు వ్యతిరేకంగా సాక్ష్యమూ అవుతుంది. రెండో కారణానికే నేను దాన్ని ఎక్కువ కోరుకుంటాను. నాగర్‌కర్నూల్ వైపు కేసరి సముద్రం ఉంది, నల్లమల ఉంది, చెంచుల బతుకు ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని 2022లో పద్మశ్రీ దాకా వెళ్లిన దర్శనం మొగిలయ్య లింగాల మండలం అవుసలికుంట మనిషి. ఆ కిన్నెర మీద పలికే పండుగ సాయన్న కథలో సాయన్న దొంగా, పేదల దొరా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. తెగని వాదం గోడకెక్కితే నష్టమేమీ లేదు. దాని ముందు నిలబడి మాట్లాడుకుంటారు. మాట్లాడించని బొమ్మలు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఈ పట్టీ నా సొంత ఊహేమీ కాదు. గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఎప్పుడో వేసిన దారి ఇది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాస్తూ రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని వెతికారు. తెలుగుకు వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, ఆ పుస్తకానిదే. ఊరివాళ్ల సంగతులు పనికిమాలినవి కావని పుస్తకంలో నిరూపించిన మనిషి మన పక్క ఊరివాడు. ఆయన బొమ్మ ఒకటి వేసి దండ వేసే బదులు, ఆయన వెతికిన తీరున ప్రతి వీధీ తన సంగతులు వెతుక్కుంటే బాగుంటుంది.

ఎండకు వెలిసిపోయే రంగుకు ఇంత ఖర్చా అనేవాళ్లకు కూడా కొంచెం చెప్పాలి. లేపాక్షి చిత్రాలు అన్ని వందల ఏళ్లు నిలిచాయంటే, సున్నపు గచ్చు మీద మట్టి, రాతి రంగులతో వేసినందువల్ల, పైన కప్పు ఉన్నందువల్ల. మన పాలమూరు వేసవికి ఎదురుగా నిలిచిన పడమటి గోడకు ఆ ఆయుష్షు రాదు. అందుకే ఏ గోడ ఎంచుకుంటామన్నది ముఖ్యం. ఉత్తరం వైపు చూసేది, చూరు నీడ ఉన్నది, నేల నుంచి చెమ్మ ఎక్కనిది అయితే మేలు. పాత పొరలు గీకి, ప్రైమరు వేసి, బయటి గోడల కోసం తయారైన ఎమల్షన్ వాడితే కొన్నేళ్లు ఢోకా ఉండదు. ఆ తర్వాత వెలిస్తే వెలియనివ్వండి. వీధి మళ్లీ కూర్చుని కొత్త బొమ్మ ఎంచుకుంటుంది. గోడ చిత్రం శాసనం కానక్కరలేదు. పని ఎవరికివ్వాలన్నది మాత్రం తేలికగా వదలకూడదు. హైదరాబాదు నుంచి పేరున్న చిత్రకారులు వస్తే రానివ్వండి. వాళ్ల పక్కన మన ఆర్టిస్టు ఉండాలి, గోడ చదరపు అడుగుకు ఇంత అని గుత్తకిచ్చే లెక్కలో కాకుండా రోజు కూలి, ఆలోచనకు విడిగా డబ్బు, గోడ మూలన ఆయన పేరు ఉండాలి. ఫ్లెక్సీ దెబ్బకు కుంచె పక్కన పెట్టి ఆటో నడుపుతున్న చేతులు ప్రతి పట్టణంలో ఒకటో రెండో దొరుకుతాయి.

వీధివాళ్లను అడగడమంటే ఎలా, ఎక్కడ, ఎవరు అనే ప్రశ్నకు కొత్త చట్టం అక్కరలేదు. 2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువకులవి, మహిళలవి, పెద్ద వయసువాళ్లవి, ప్రముఖులవి. ఒక్కోదానిలో 15 మంది, అంటే వార్డుకు 60 మంది. అదే చట్టం పచ్చదనానికి పురపాలక బడ్జెట్టులో పదో వంతు కేటాయించమంది. చెట్టు నాటడానికి ఇన్ని నిబంధనలున్న చోట, గోడ మీద చెట్టు బొమ్మ వేయాలా వద్దా అని ఆ 60 మందిని ఒక సాయంత్రం అడగడానికి అడ్డేమీ లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ శ్రోతలకు నా మనవి ఇదొక్కటే. ఈసారి మీ వీధి గోడకు సున్నం కొడుతున్నారని తెలియగానే వార్డు కమిటీ సభ్యుడి ఇంటికి వెళ్లండి. ఏం బొమ్మ వేస్తున్నారు, ఎవరు ఎంచారు, వేసే మనిషి ఎవరు, ఆయనకు ఎంత ఇస్తున్నారు అని అడగండి. జవాబు లేకపోతే సమావేశం పెట్టమనండి. సున్నం ఆరడానికి ఎలాగూ ఒకరోజు పడుతుంది.